మొక్కల సంఘం పత్రికను మార్చాలా? చర్చకు ఇలా సిద్ధమవ్వండి

ఆర్కిడ్లదైనా, కాక్టస్‌లదైనా, ఫెర్న్‌లదైనా, కొన్నేళ్ళు నడిచిన ప్రతి మొక్కల సంఘంలోనూ ఈ గొడవ ఒకరోజు వచ్చి తీరుతుంది. పత్రిక ఇంకా అచ్చు వేయడం ఎందుకు, పీడీఎఫ్ పంపితే సరిపోదా? ఏడాదికి ఆరు సంచికలు అవసరమా? ఆ శాస్త్రీయ వ్యాసాలు ఎవరు చదువుతున్నారు, మొక్క కుళ్ళిపోకుండా ఎలా పెంచాలో రాస్తే చాలదా? ఇలాంటి సమావేశాలు నేను మూడు చూశాను. మొదటిసారి ఈ ప్రశ్నలన్నీ కలిపేసి రెండు గంటలు అరుచుకున్నాం, ఏమీ తేలలేదు, మరుసటి ఏడాది బాగా రాసే ఇద్దరు సభ్యత్వం కట్టడం మానేశారు. వాళ్ళు వెళ్ళిపోయారన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ప్రశ్నలను విడదీయండి. అచ్చా, పీడీఎఫ్‌ఆ అన్నది ఒకటి. ఎన్ని సంచికలన్నది ఇంకొకటి. లోపల ఏం ఉండాలన్నది మూడోది, అసలు ముఖ్యమైనది అదే, కానీ దాని దగ్గరికి వచ్చేసరికి అందరూ అలిసిపోయి ఉంటారు. కాబట్టి విషయం గురించే మొదట మాట్లాడండి. ఏం వేయాలో తేలితే ఎన్ని పేజీలు కావాలో తెలుస్తుంది, పేజీలు తెలిస్తే ఖర్చు తెలుస్తుంది.

ఇక ఖర్చు. "సగం మంది పీడీఎఫ్‌కి మారితే ప్రింటింగ్ బిల్లు సగం అవుతుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ప్లేట్లు చేసి మెషిన్ మీద వేసే ఆఫ్‌సెట్ అచ్చులో అలా జరగదు. ప్లేట్లు, మెషిన్ సిద్ధం చేయడం, పేజీలు పెట్టించడం, వీటి ఖర్చు వంద కాపీలకైనా వెయ్యి కాపీలకైనా దాదాపు ఒకటే, కాపీలతో పాటు పెరిగేది కాగితం, బైండింగ్, పోస్టేజి. ఉదాహరణకి ప్రింటింగ్ బిల్లులో సగం ఈ స్థిరమైన ఖర్చే అనుకోండి. 400 కాపీలు 200కి తగ్గిస్తే బిల్లు తగ్గేది నాలుగో వంతే, కాగితం మీద తీసుకునే ప్రతి సభ్యుడి కాపీ ఖర్చు మాత్రం ఒకటిన్నర రెట్లు అవుతుంది. పోస్టేజి అలా కాదు, ఎన్ని కవర్లు తగ్గితే అంత తగ్గుతుంది. అందుకే కోశాధికారిని రెండు లెక్కలూ విడివిడిగా అడగండి, తక్కువ కాపీలకు, ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ ప్రింటింగ్ కొటేషన్ కూడా తెప్పించమనండి. ఇంకో సంగతి, మధ్యలో పిన్ను కొట్టే పత్రికలో పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. "ఇంకో రెండు పేజీలు కలిపితే పోలా" అంటే కుదరదు. కాగితం కాస్త మందమైనా కవరు బరువు పోస్టేజి ఎక్కువ పడే పై స్లాబులోకి పోవచ్చు, ఒక నమూనా సంచికను తూకం వేసి చూడండి.

మీ పత్రికలో కొత్త జాతుల వర్ణనలు వస్తుంటే ఈ పేరా జాగ్రత్తగా చదవండి. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టే అంతర్జాతీయ నియమావళి ప్రకారం 2011 చివరి దాకా అచ్చులో వస్తేనే కొత్త పేరు ప్రచురణ అయినట్టు లెక్క. 2012 జనవరి 1 నుంచి ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకిచ్చే అంతర్జాతీయ సంఖ్య) గానీ ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకిచ్చేది) గానీ ఉన్న ప్రచురణలో ఆన్‌లైన్ పీడీఎఫ్‌గా వచ్చినా చెల్లుతుంది. మామూలు వెబ్ పేజీలో పెడితే చెల్లదు. ఒకసారి విడుదల చేశాక తప్పు కనిపించిందని ఆ పీడీఎఫ్‌లో చల్లగా దిద్దేస్తే కుదరదు, సవరణ వేరుగా ప్రచురించాలి. అచ్చు పత్రికకు, ఆన్‌లైన్ పత్రికకు వేర్వేరు ఐఎస్ఎస్ఎన్ తీసుకోవాలి. ఇది తెలియక ఒక పక్షం "పీడీఎఫ్‌కి మారితే మన పత్రికకు విలువే ఉండదు" అంటుంది, ఇంకో పక్షం "ఎక్కడ పెడితే ఏముంది" అంటుంది. ఇద్దరిదీ తప్పే.

"పేరు మారిస్తే పత్రిక చచ్చిపోతుంది" అనే మాట కూడా వింటారు. 1787లో విలియం కర్టిస్ మొదలుపెట్టిన బొటానికల్ మ్యాగజైన్ ఇప్పటికీ వస్తోంది. 1948 దాకా దాని బొమ్మలకు చేత్తోనే రంగులు వేసేవాళ్ళు, ఆ పద్ధతి ఆగినా పత్రిక ఆగలేదు. 1984లో దాని పేరును, లండన్‌లోని క్యూ వృక్షోద్యానం పేరు మీద, క్యూ మ్యాగజైన్ అని మార్చారు, 1995లో మళ్ళీ పాత పేరుకే వచ్చారు. పత్రిక బతికే ఉంది, కానీ పేరు మార్చినప్పుడల్లా గ్రంథాలయాల జాబితాలు, ఐఎస్ఎస్ఎన్ అన్నీ మారాలి. ఆ శ్రమకు తగ్గ కారణం లేకపోతే పేరు జోలికి పోకండి.

సమావేశానికి ఒక పాత సంచిక పట్టుకెళ్ళండి, బాగా వాడినది. మా రెండో సమావేశంలో ఒక పెద్దాయన సంచీలోంచి తీసిన సంచికకు పిన్నులు తుప్పుపట్టి ఉన్నాయి, కుండీలు మార్చే వ్యాసం ఉన్న పేజీ మీద మట్టి బొటనవేలి ముద్ర, మార్జిన్‌లో పెన్సిల్‌తో "మళ్ళీ కుళ్ళింది, ఇసుక పెంచాలి" అని తేదీతో సహా. అప్పటిదాకా పీడీఎఫ్ కావాలన్న నేను ఆ పేజీ చూశాక కాసేపు మాట్లాడలేకపోయాను. తర్వాత ఇంకొకామె ఫోనులో ఆ పేజీలోని మొక్క జాతి ఫొటో పెద్దది చేసి ముళ్ళ మొదట్లో ఉన్న నూగు చూపించారు, మా అచ్చు పత్రికలో అది ఎప్పుడూ కనబడలేదు. ముదురు ఊదా, నీలం పూలు నాలుగు రంగుల అచ్చులో కళ తప్పుతాయి, తెరమీద బాగా వస్తాయి. ఇలా వస్తువు చేతిలో పెట్టుకుని మాట్లాడితే "పాతకాలం వాళ్ళు", "ఈ కాలం వాళ్ళు" అన్న మాటలు వాటంతటవే తగ్గాయి.

సమావేశానికి రాని వాళ్ళ సంగతి మరిచిపోకండి, సభ్యుల్లో ఎక్కువమంది వాళ్ళే. వాళ్ళకు ప్రశ్నాపత్రం ఈమెయిల్‌లో మాత్రమే పంపితే జవాబిచ్చేది పీడీఎఫ్ ఇష్టపడేవాళ్ళే, కాబట్టి అచ్చు సంచికలో కూడా ఒక కాగితం పెట్టండి. "పీడీఎఫ్ ఇష్టమేనా?" అని అడగొద్దు. "పోయిన సంచికలో ఏ వ్యాసం చదివారు? దాన్ని చూసి ఏం చేశారు? అచ్చు ఆగిపోతే సభ్యత్వం ఉంచుకుంటారా?" అని అడగండి. చాలామందికి ఏడాది పొడుగునా సంఘం నుంచి అందేది ఈ పత్రిక ఒక్కటే.

ఎడిటర్‌తో సమావేశానికి ముందే విడిగా మాట్లాడండి, ఇది మాత్రం వదలొద్దు. వ్యాసాల కోసం వెంటపడడం, ప్రూఫులు దిద్దడం, లాటిన్ పేర్ల స్పెల్లింగ్ సరిచూడడం, ఇవన్నీ జీతం లేకుండా చేసే మనిషికి నలుగురిలో హఠాత్తుగా "పత్రిక బాగోలేదు" అని వినబడితే చాలా నొప్పి. మీరు అడిగే మార్పుకు అదనంగా ఎంత పని పడుతుందో అడగండి, అందులో మీరేం చేస్తారో చెప్పండి. పెంపకం వ్యాసాలు కావాలంటే ముందు మీరొకటి రాసి ఇవ్వండి.

తీర్మానం కాగితం మీద రాసి తీసుకెళ్ళండి, ఒక తీర్మానంలో ఒకే మార్పు, ఎప్పటి నుంచి అమలన్నది కూడా ఉండాలి. అంతకంటే ముందు మీ సంఘం నియమావళి తెరిచి చూడండి. "ప్రతి సభ్యునికి ముద్రిత పత్రిక పంపబడును" అని ఉంటే మామూలు ఓటు సరిపోదు, నియమావళినే సవరించాలి, దానికి ముందస్తు నోటీసు, ఎక్కువ మెజారిటీ అవసరం కావచ్చు. శాశ్వత సభ్యులు పత్రిక వస్తుందని నమ్మి ఒకేసారి డబ్బు కట్టారు, వాళ్ళకు కాగితం కాపీ కొనసాగించడమే న్యాయమని నా అభిప్రాయం. ఎటూ తేలకపోతే నాలుగు సంచికల పాటు ప్రయోగంగా చూద్దామని సవరణ పెట్టండి, కానీ ఏం జరిగితే కొనసాగిస్తాం, ఏం జరిగితే వెనక్కి వస్తాం అన్నది అప్పుడే రాసుకోండి. లేకపోతే నాలుగు సంచికల తర్వాత మళ్ళీ ఇదే గొడవ.

పీడీఎఫ్ వైపు ఓటు పడితే పాత వ్యాసాలను, ఫొటోలను ఆన్‌లైన్‌లో పెట్టడానికి రాసినవాళ్ళ, తీసినవాళ్ళ అనుమతి వేరుగా తీసుకోవాలి, అచ్చుకి ఇచ్చిన అనుమతి దానికి వర్తిస్తుందని అనుకోకండి. మొదటి సంచిక నుంచి మొత్తం సెట్టు ఒకటి గ్రంథాలయానికి ఇవ్వండి, ఇంకొకటి సంఘం దగ్గర ఉంచి, అది ఎవరి ఇంట్లో ఏ బీరువాలో ఉందో ఆ రోజు మినిట్స్‌లోనే రాయించండి.