కొత్త బ్యాటరీ కొనే ముందు ఎర్త్ వైరు చూడండి

మా ఎర్రగుంట్లలో నాపరాళ్ల దుమ్ము పట్టని బండి ఉండదు. నాది 2006 మోడల్, 150 సీసీ. ఒక ఎండాకాలం సెల్ఫ్ నొక్కితే టిక్ టిక్ మనడమే కానీ ఇంజిన్ తిరగలేదు. బ్యాటరీ పోయిందన్నారు, మార్చాను. రెండు నెలలకు మళ్లీ అదే కథ. ఇంకోటి వేయించాను. తీరా చూస్తే ఇంజిన్‌కు బిగించిన ఎర్త్ వైరు, అంటే బ్యాటరీ మైనస్ నుంచి వచ్చే వైరు, దాని బోల్టు కింద తుప్పు! రెండు బ్యాటరీల డబ్బు వృథా. మీకు అలా కాకూడదు.

ముందు శబ్దం వినండి. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, కిల్ స్విచ్, క్లచ్ లివర్ కింద ఉండే చిన్న స్విచ్ చూడండి. టిక్ టిక్ మంటే రిలే (సెల్ఫ్ మోటారుకు కరెంటు పంపే స్విచ్) పనిచేస్తోంది, మోటారుకు కరెంటు చాలట్లేదు. అక్కడే చాలామంది బ్యాటరీ షాపుకు పరుగెత్తుతారు.

మామూలు మల్టీమీటర్ చాలు. రాత్రంతా ఆపిన బండికి పొద్దున బ్యాటరీ మీద 12.6 వోల్టులుంటే ఫుల్ చార్జి. 12.2 అంటే సగమే, చార్జింగ్ పెట్టాకే మిగతా పరీక్షలు. ఇప్పుడు సెల్ఫ్ నొక్కుతూ చూడండి. 9.6 కంటే దిగిపోతే బ్యాటరీ మీదే అనుమానం. 11కు పైనే నిలబడి కూడా మోటారు తిరగలేదంటే, కరెంటు దారిలో ఎక్కడో ఆగిపోతోంది.

ఆ చోటు పట్టుకోవడానికి మీటరు ఎర్ర పిన్ను ఇంజిన్ మీద, పెయింటు లేని చోట పెట్టండి. నల్లది బ్యాటరీ మైనస్ మీద. సెల్ఫ్ నొక్కినప్పుడు అర వోల్టు దాటితే ఎర్త్ బాగోలేనట్టే. నాకు 1.4 చూపించింది.

బ్యాటరీ మైనస్ వైరు ముందు విప్పండి, లేకపోతే స్పానర్ తగిలి నిప్పురవ్వలు వస్తాయి. బోల్టు, వైరు చివర, అది కూర్చునే చోటు, మూడింటినీ ఉప్పు కాగితంతో మెరిసేదాకా రుద్ది గట్టిగా బిగించండి. పైన కొంచెం వాసలీన్ పూస్తే తేమ చేరదు. నాది ఆ పూటే 0.1కి దిగింది, మొదటి నొక్కుకే స్టార్టయింది. ఎర్త్ బాగానే ఉంటే రిలే మందపాటి వైర్లను కూడా ఇలాగే శుభ్రం చేయండి. అప్పటికీ తిరగకపోతే మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. కొందరు రిలే రెండు కొనలను స్క్రూడ్రైవర్‌తో కలిపి చూడమంటారు, పెట్రోలు ట్యాంకు పక్కన ఆ పని నేను చేయను.

స్టార్టయ్యాక కొంచెం రేజ్ చేసి బ్యాటరీ మీద మళ్లీ చూడండి. 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. 15 దాటుతుంటే చార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ మార్చండి, మన కడప ఎండలకు బ్యాటరీలో నీళ్లు ఇంకా తొందరగా ఇగిరిపోతాయి.