టికెట్ కొన్నాక కేసులు పెరిగితే: మందుల షాపులో నేను అడిగే ప్రశ్నలు

చెన్నై పెరంబూరులో మా మందుల షాపుకి వచ్చే తెలుగువాళ్ళలో చాలామంది ఐ.సి.ఎఫ్. రైలుపెట్టెల ఫ్యాక్టరీలోనో రైల్వేలోనో పనిచేసి రిటైరైనవాళ్ళు. పిల్లలు సింగపూర్‌లోనో టెక్సస్‌లోనో ఉంటారు. "కోవిడ్ కేసులు మళ్ళీ పెరుగుతున్నాయి" అని టీవీలో స్క్రోలింగ్ మొదలైన మర్నాటి నుంచి బీపీ మాత్రలతో పాటు ఒక ప్రశ్న కూడా తెస్తారు. "ఏమ్మా, పోవచ్చా? మానుకోమంటావా?" నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. కానీ ఎవరు ఏ మాత్ర మింగుతున్నారో నాకు తెలుసు కాబట్టి, జవాబు చెప్పకుండా తిరిగి నేనే ప్రశ్నలు వేస్తాను.

ముందు అడిగేది ఎన్ని కేసులని కాదు, ఎందుకు పోతున్నారని. కూతురి కానుపు మనం చెప్తే ఆగదు. మనవడి పుట్టినరోజు ఆగుతుంది, సింగపూర్ చూసొద్దామనే సరదా ఆగుతుంది. వేవ్ ఎల్లకాలం నిలబడదు. 2022 జనవరి మూడో వారంలో మన దేశంలో రోజుకి 3 లక్షలు దాటిన కొత్త కేసులు ఫిబ్రవరి ఆఖరికి 10 వేల లోపుకి దిగాయి. అరవై దాటి, షుగరో గుండె జబ్బో ఉండి, ప్రయాణాన్ని ఆరేడు వారాలు జరపగలిగితే జరిపెయ్యండి. మిగతాది చదవక్కర్లేదు. ముప్పై ఏళ్ళ ఆరోగ్యవంతులకి ఈ మాట వర్తించదు, వాళ్ళు మాస్కు పెట్టుకుని వెళ్ళిరావచ్చు.

జరపలేని ప్రయాణమైతే అప్పుడు అంకెలు చూద్దాం. టీవీవాళ్ళు చెప్పే కేసుల సంఖ్య ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, ఎందుకంటే ఇప్పుడు చాలామంది ఇంట్లోనే టెస్టు కిట్‌తో చూసుకుంటున్నారు, అసలు చూసుకోనివాళ్ళు ఇంకా ఎక్కువ. ఆసుపత్రిలో చేరేవాళ్ళనీ, ఐసీయూలో ఉన్నవాళ్ళనీ చూడండి. 2025 మే మొదట్లో సింగపూర్ ఆరోగ్య శాఖ ఏం చెప్పిందంటే, వారానికి అంచనా కేసులు 11,100 నుంచి 14,200కి పెరిగాయి, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ళు రోజుకి సగటున 102 నుంచి 133 అయ్యారు, ఐసీయూలో మాత్రం 3 నుంచి 2కి తగ్గారు. మన ఛానెళ్ళు మొదటి అంకెనే పట్టుకుని గంటలు గంటలు నడిపాయి. నేను చదివేది మూడో అంకె. అమెరికా వెళ్ళేవాళ్ళయితే అక్కడి ప్రజారోగ్య సంస్థ సీడీసీ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా మురుగునీటిలో వైరస్ ఎంతుందో చూసే పరీక్షల ఫలితాలు ఉంటాయి. పిల్లల్ని అడిగితే ఫోన్లో చూసి చెప్తారు. ఎవరూ టెస్టు చేయించుకోకపోయినా కాలువ నీళ్ళు చెప్పేస్తాయి. ఒక్క వారం చూసి తీర్మానించకండి, రెండు మూడు వారాలు వరుసగా ఎటు పోతోందో చూడండి.

వేరియంట్ పేర్లకి భయపడకండి. ఆ మేలో వినిపించిన ఎల్‌ఎఫ్.7, ఎన్‌బి.1.8.1 రెండూ అంతకుముందే తిరుగుతున్న జేఎన్.1 రకానికి పిల్లలే. కొత్త పేరు వచ్చిందంటే చూడాల్సింది ఒక్కటే, జబ్బు ముదరడం ఎక్కువైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అందా లేదా అని. ఇంకోటి, ఇక్కడే ఉండిపోతే ప్రమాదం సున్నా అనుకోకండి. ఆ నెలలో మన దేశంలో 257 ఉన్న యాక్టివ్ కేసులు జూన్ రెండో వారానికి 7 వేలు దాటాయి. కిక్కిరిసిన రైల్లో తిరుపతి పెళ్ళికి మాస్కు లేకుండా పోయొచ్చినవాళ్ళు సింగపూర్ ఫ్లైటుకి వణకడం చూస్తే నాకు నవ్వొస్తుంది.

తర్వాత మీ ఒళ్ళు. కీమో నడుస్తున్నవాళ్ళు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు, నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళు, ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళు అడిగితే నేను మొహమాటపడను. మీ డాక్టర్ నోటితో సరేననేదాకా వద్దంటాను. షుగర్, బీపీ మాత్రమే ఉండి అదుపులో ఉంటే అంత గట్టిగా అనను, కానీ టికెట్టుకి ముందు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చేయించమంటాను. ఆ క్రియాటినిన్ ఎందుకో కింద చెప్తాను. చివరి కోవిడ్ టీకా 2022లో వేయించుకున్నవాళ్ళే ఎక్కువ. ఇంకో డోసు అవసరమా, దొరుకుతుందా అని డాక్టర్ని అడగండి. వేయించుకుంటే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు. పసిబిడ్డ ఉన్న ఇంటికి వెళ్ళేవాళ్ళు ఫ్లూ టీకా, కోరింతదగ్గుకి టీడాప్ టీకా కూడా అప్పుడే అడగండి. అమెరికాలో పిల్లల డాక్టర్లు అమ్మమ్మా తాతయ్యల్ని ఇవి వేయించుకు రమ్మంటారు. మన జాగ్రత్త మనకోసమే కాదు, ఆ బిడ్డకి ఆరు నెలలు నిండేదాకా కోవిడ్ టీకా, ఫ్లూ టీకా రెండూ లేవు.

నన్నడిగితే అసలు నిర్ణయం ఈ ప్రశ్న మీదే ఉంది: అక్కడ దిగిన నాలుగో రోజు జ్వరం వస్తే ఏం చేస్తారు? జవాబు ఉంటే వెళ్ళండి, లేకపోతే జవాబు వచ్చేదాకా ఆగండి. అల్లుడింట్లో మీకు విడిగా గది ఉందా? బాత్రూం? రాత్రిపూట ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారు? ఇవి కూతురితో ఫోన్లో ముందే మాట్లాడుకోవాలి. కిట్‌లో మొదటి రోజు నెగెటివ్ వచ్చినా నమ్మకండి, 48 గంటలాగి మళ్ళీ చూసుకోవాలి. పల్స్ ఆక్సీమీటర్ వెంట తీసుకెళ్ళండి. అందులో ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఆలస్యం చెయ్యొద్దు.

అక్కడి డాక్టర్లు వయసు మళ్ళినవాళ్ళకి కోవిడ్ మందు పాక్స్‌లోవిడ్ రాయొచ్చు. లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే మొదలుపెట్టాలి. చిక్కేమిటంటే అది మనవాళ్ళు రోజూ మింగే మందులతో తగువు పెట్టుకుంటుంది. కొలెస్ట్రాల్‌కి సిమ్వాస్టాటిన్ వేసుకుంటుంటే కలపకూడదు, అటార్వాస్టాటిన్ అయితే సాధారణంగా ఆ కొద్దిరోజులూ ఆపమంటారు. స్టెంట్ ఉన్నవాళ్ళ క్లోపిడోగ్రెల్, బీపీకి వాడే ఆమ్లోడిపిన్, ప్రోస్టేట్‌కి వాడే టామ్సులోసిన్ అన్నీ చెప్పి తీరాలి. కిడ్నీ పనితీరు తగ్గి ఉంటే డోసు మారుస్తారు, క్రియాటినిన్ రిపోర్టు అందుకే. మీరు "ఆ తెల్లమాత్ర" అంటే అక్కడి డాక్టర్‌కి ఏం తెలుస్తుంది? మన బ్రాండ్ పేర్లు కూడా అక్కడ చెల్లవు. అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్నిసార్లు అని డాక్టర్ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. తిరుగు ప్రయాణం ఆలస్యమైనా సరిపోయేలా రెండు మూడు వారాల మందులు ఎక్కువగా కొని, అన్నీ చేతిసంచీలోనే పెట్టుకోండి.

ఒక్కటి మాత్రం నేనివ్వను. 2021లో అలవాటైన "కోవిడ్ కిట్" కావాలంటారు: అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, స్టెరాయిడ్ మాత్రలు. ఆక్సిజన్ తగ్గనివాళ్ళకి స్టెరాయిడ్ కీడే చేస్తుంది, పైగా షుగర్ ఎగదోస్తుంది. పారాసిటమాల్, ఓఆర్ఎస్ చాలు.

నిబంధనల సంగతి క్లుప్తంగా. ఇప్పుడు చాలా దేశాలు ఏ సర్టిఫికెట్టూ అడగడం లేదు, అయినా అవి రాత్రికి రాత్రి మారగలవు. చైనాలో కేసులు పెరిగినప్పుడు మన ప్రభుత్వమే 2022 డిసెంబర్ 29న ప్రకటించి, జనవరి 1 నుంచి ఆరు చోట్ల నుంచి వచ్చేవాళ్ళకి ఆర్‌టీపీసీఆర్ తప్పనిసరి చేసింది. కాబట్టి పోయే దేశంతో పాటు తిరిగొచ్చే నిబంధన కూడా చూడండి. దోహా, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట దిగి మారేవాళ్ళు ఆ దేశం సంగతీ చూసుకోవాలి. వాట్సాప్‌లో వచ్చింది కాదు, ఎయిర్‌లైన్ వెబ్‌సైటూ ఎంబసీ వెబ్‌సైటూ.

ఇన్సూరెన్స్ మాత్రం ఓపిగ్గా చదవాలి. భయమేసి మానుకుంటే మామూలు పాలసీ డబ్బివ్వదు. కోవిడ్ చికిత్సకి వర్తిస్తుందా, ముందునుంచీ ఉన్న షుగర్, గుండె జబ్బుల సంగతేమిటి, అరవై దాటినవాళ్ళకి ఒక్కో ఖర్చుకి పరిమితి పెట్టారా, ఈ మూడూ ఏజెంటుతో నోటిమాటగా కాదు, ఈమెయిల్‌లో అడగండి. అమెరికా ఆసుపత్రి బిల్లు ముందు 50 వేల డాలర్ల పాలసీ పెద్దదేమీ కాదు.

విమానం గాల్లో ఉన్నప్పుడు క్యాబిన్ గాలిని హెపా ఫిల్టర్లు బాగానే శుభ్రం చేస్తాయి. ఇరుకంతా మీనంబాక్కం ఎయిర్‌పోర్టు ఇమిగ్రేషన్ క్యూలో, బస్సులో, ఎక్కి కూర్చున్నాక తలుపులు మూసేదాకా. ఎన్95 మాస్కు అక్కడ తియ్యకండి. భోజనం పక్కవాళ్ళు తినేశాక తినండి.

ఇక బయల్దేరే రోజు పొద్దున ఒళ్ళు వెచ్చబడితే డోలో వేసుకుని ఎయిర్‌పోర్టుకి పోదామనుకునేవాళ్ళు ఉంటారు. జ్వరం దిగుతుంది, జబ్బు దిగదు, అటుపక్క బాలింత ఉంటుంది. కిట్‌తో చూసుకోండి. పాజిటివ్ అయితే విమానం బయల్దేరే లోపే ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి తేదీ మార్పించుకోండి. చెప్పకుండా మానేస్తే నో-షో కింద వేసి, చాలా టికెట్లలో తిరుగు ప్రయాణం కూడా రద్దు చేసేస్తారు. ఆ టెస్టు ఇంట్లో చేసుకున్నది కాక ల్యాబ్‌లో చేయించి రిపోర్టు తీసుకుంటే ఇన్సూరెన్స్ క్లెయిముకి పనికొస్తుంది.