నేలవేము సారం నిజంగానే కేన్సర్ కణాలను చంపుతోందా? ఎం.టి.టి. పరీక్ష మొదటినుంచి చివరిదాకా

ఎం.ఫార్మసీ, ఎం.ఎస్సీ. ప్రాజెక్టుల్లో తరచూ కనిపించే పని ఇది. ఒక మొక్క తెచ్చి, ఆకు ఎండబెట్టి, సారం తీసి, కేన్సర్ కణాల మీద వేసి, సగం కణాలను అడ్డుకునే మోతాదు ఎంతో, అంటే ఐసీ50 ఎంతో లెక్కకట్టడం. ఎం.టి.టి. అనే పదార్థాన్ని బతికున్న కణాలు ఊదారంగుకు మారుస్తాయి, ఆ రంగు ఎంతో చూసి ఎన్ని బతికాయో చెప్పేదే ఈ పరీక్ష. రంగును కొలిచే ప్లేటు రీడర్ ఏదో ఒక అంకె ఇవ్వకుండా ఉండదు. ఆ అంకె మొక్క వల్ల వచ్చిందా, పరీక్షలోని లోపం వల్ల వచ్చిందా అని తేల్చుకోవడంలోనే అసలు పనంతా ఉంది. అందుకే ఇందులో కంట్రోళ్ల గురించి, అంటే పోల్చి చూడటానికి పెట్టే గుంటల గురించి, కాస్త ఎక్కువే చెబుతాం. కడప, అనంతపురం, కర్నూలు ఎండలకు ల్యాబులో ఏమేం చెడతాయో కూడా చెబుతాం, పుస్తకాల్లో రాసిన "గది ఉష్ణోగ్రత" మన గదులకు సరిపోదు కాబట్టి.

మొక్క

ఉదాహరణకు నేలవేము తీసుకుందాం. ఇందులోని ప్రధానమైన చేదు పదార్థం ఆండ్రోగ్రాఫోలైడ్. అణుభారం సుమారు 350, శుద్ధమైన స్టాండర్డు బజారులో దొరుకుతుంది. తెలిసిన పదార్థం ఒకటి చేతిలో ఉంటే సారం ఫలితాన్ని దానితో పోల్చి చూడొచ్చు. మొదటిసారి చేసేవాళ్లకు ఎవరూ ముట్టని అరుదైన మొక్క కంటే ఇదే మేలు.

అడవిలోకి పోయి పీక్కురావద్దు. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యంలో గానీ నల్లమలలో గానీ అటవీశాఖ అనుమతి లేకుండా ఏ మొక్కా తేకూడదు. ఎర్రచందనం సంగతి సరేసరి, చెక్కపేడు చేతిలో పెట్టుకుని పరిశోధన అంటే వినేవాళ్లు ఉండరు. సాగుచేసిన నేలవేము తీసుకోండి. పూత మొదలయ్యే దశలో కోసిన ఆకులో ఆండ్రోగ్రాఫోలైడ్ ఎక్కువగా ఉంటుంది, కాండంలో బాగా తక్కువ.

పచారీ కొట్లో ఎండుకట్టలుగా అమ్మేదాన్ని నమ్మొద్దు. నేలవేము పేరుతో వేరే చేదు మొక్కలు, ముఖ్యంగా హిమాలయాల నుంచి వచ్చే చిరాయతా, కలిసిపోతుంటాయి. పైగా తూర్పు కనుమల్లో ఇదే ప్రజాతికి చెందిన మొక్కలు ఇంకా ఉన్నాయి. పువ్వుతో ఉన్న కొమ్మను నొక్కి ఆరబెట్టి, యూనివర్సిటీ బోటనీ విభాగంలో గుర్తింపు చేయించి, హెర్బేరియం నంబరు తీసుకోండి. ఆ నంబరు లేకపోతే తర్వాత ఎంత చేసినా అది ఫలానా మొక్క అని రుజువు ఉండదు.

ఆరబెట్టడం, సారం తీయడం

ఆకును నీడలో, గాలి ఆడేచోట పలుచగా పరవండి. మిద్దె మీద ఎండలో వేస్తే మే నెలలో పూటలోనే గలగలలాడుతుంది గానీ, బండ వేడికి పదార్థాలు చెడతాయి. 40 డిగ్రీలు దాటనివ్వొద్దు. పొడిచేసి 40 నంబరు జల్లెడ పట్టండి. పొడి మరీ మెత్తగా ఉంటే వడపోసేటప్పుడు గడ్డకట్టి ద్రావకం దిగదు.

100 గ్రాముల పొడికి ముందు ఒక లీటరు హెక్సేన్ పోసి ఒక రోజు ఊరబెట్టి వడపోయండి. కొవ్వు, మైనం, పసరు రంగులో కొంత ఇందులో పోతాయి. మిగిలిన పిప్పిని ఆరబెట్టి, ఒక లీటరు మిథనాల్‌లో 48 గంటలు, మధ్యమధ్య కదుపుతూ ఉంచండి. వడపోసి ఇంకో అర లీటరుతో మళ్లీ ఒకసారి చేయండి. రెండూ కలిపి రోటరీ ఇవాపొరేటర్‌లో 40 డిగ్రీల వాటర్‌బాత్ మీద, వాక్యూమ్‌లో ఇగరబెట్టండి. 100 గ్రాములకు సాధారణంగా 8 నుంచి 15 గ్రాముల సారం దిగుతుంది.

ఎండాకాలం ఇక్కడే తంటా. ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. వాటినే కండెన్సర్‌కు పెడితే మిథనాల్ ఆవిరి చల్లబడకుండా నేరుగా పంపులోకి పోతుంది, పంపు చెడుతుంది, గదంతా ఆవిరి. చిల్లర్ లేకపోతే బకెట్లో ఐసు, చిన్న సబ్‌మెర్సిబుల్ పంపు పెట్టి ఆ నీళ్లనే తిప్పండి. లేదంటే ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి.

సారం జిగటగా ఉన్నంతసేపు అందులో మిథనాల్ ఉన్నట్టే. వాక్యూమ్ డెసికేటర్‌లో పెట్టి, రోజూ తూచి, వరుసగా రెండు రోజులు బరువు మారకుండా ఉన్నప్పుడే తీయండి. మిగిలిన మిథనాల్ కూడా కణాలను చంపుతుంది, ఆ మంచిపేరు నేలవేముకు పోతుంది. తర్వాత చిన్న సీసాల్లో పంచి, మైనస్ 20లో దాచండి.

స్టాకు: 100 మి.గ్రా. సారం, 1 మి.లీ. డీఎంఎస్‌ఓ (సారాన్ని కరిగించే ద్రావకం). డీఎంఎస్‌ఓ 18 డిగ్రీలకే గడ్డకడుతుంది కాబట్టి ఏసీ గదిలో సీసా గట్టిపడితే కంగారుపడొద్దు, 37 డిగ్రీల్లో కరిగించి బాగా కలిపి వాడండి. స్టాకును సెల్యులోజ్ అసిటేట్ ఫిల్టర్‌తో వడపోయొద్దు. డీఎంఎస్‌ఓ ఆ పొరనే కరిగించేస్తుంది.

కణాలు

రొమ్ము కేన్సర్‌కు ఎం.సి.ఎఫ్-7, ఊపిరితిత్తులకు ఏ549, కాలేయానికి హెప్‌జీ2 మామూలుగా వాడేవి. పుణెలోని నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్ నుంచి తెప్పించుకోండి. పక్క ల్యాబు నుంచి ఫ్లాస్కు అప్పు తెచ్చుకునే అలవాటు మానాలి. రొమ్ము కేన్సర్ కణాలని ఏళ్ల తరబడి వాడిన ఎం.డి.ఏ-ఎం.బి-435 చివరికి చర్మపు మెలనోమా కణాలని తేలింది. హీలా కణాలు ఇతర కల్చర్లలోకి దూరిపోవడం పాత కథే. మైకోప్లాస్మా అనే అతి చిన్న బాక్టీరియా ఉందేమో పరీక్ష కూడా చేయించండి. అది సోకినా మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) మసకబారదు, సూక్ష్మదర్శినిలో కనిపించదు, ఎం.టి.టి. రీడింగులను మాత్రం తారుమారు చేస్తుంది.

ఇంక్యుబేటర్ విషయంలో ఒక్క మాట. మామూలు కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు. 37 దగ్గర నిలబడాలంటే గది దానికంటే కనీసం ఐదు డిగ్రీలు తక్కువ ఉండాలి. కరెంటు పోయి ఏసీ ఆగి, గది 40 దాటితే లోపలి కణాలు ఉడికిపోతాయి. జనరేటరుకు ఇంక్యుబేటర్ ఒక్కదాన్నే కలిపితే చాలదు, ఆ గది ఏసీని కూడా కలపాలి. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు గుర్తుపెట్టుకునే చిన్న థర్మామీటరు లోపల పెట్టి, పొద్దున్నే చూడండి. రాత్రి 39 దాటిన ప్లేటును పారేయడమే మంచిది.

ప్లేటు

96 గుంటల ప్లేటులో అంచు గుంటలన్నీ వదిలేయండి. వాటిలో నీరు త్వరగా ఆవిరై సాంద్రత మారుతుంది. వాటినిండా పీబీఎస్ (ఉప్పు బఫరు ద్రావణం) పోస్తే లోపలి 60 గుంటలు మిగులుతాయి: 6 వరుసలు, 10 నిలువులు. పై నాలుగు వరుసల్లో కణాలు, కింది రెండు వరుసల్లో కణాలు ఉండవు, మిగతావన్నీ పైవాటిలాగే. నిలువుల్లో ఏడు సారం మోతాదులకు, ఒకటి డీఎంఎస్‌ఓ కంట్రోలుకు, ఒకటి ఏమీ కలపని మీడియంకు, ఒకటి తెలిసిన మందుకు.

కణాల లెక్క చచ్చిన కణాలకే పట్టే ట్రైపాన్ బ్లూ రంగుతో చేయండి. సమానంగా రంగు కలిపాక హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టే గళ్ల అద్దం) మూల చదరంలో సగటున 40 బతికున్న కణాలు కనిపిస్తే, 40 × 2 × 10,000, అంటే మి.లీ.కి 8 లక్షలు. గుంటకు 100 మైక్రోలీటర్లలో 8,000 కణాలు కావాలంటే మి.లీ.కి 80,000 ఉండాలి. 40 గుంటలకు 4 మి.లీ. చాలు, పోగా మిగిలేట్టు 5 మి.లీ. చేద్దాం: 0.5 మి.లీ. కణాలు, 4.5 మి.లీ. మీడియం. పోస్తున్నంతసేపూ ట్యూబును మధ్యమధ్య తిప్పుతూ ఉండండి, లేకపోతే కణాలు అడుక్కి దిగి చివరి నిలువుల్లో ఎక్కువ పడతాయి. 24 గంటలు అతుక్కోనివ్వండి.

సారాన్ని రెట్టింపు చిక్కదనంలో చేసి, ప్రతి గుంటకు 100 మైక్రోలీటర్లు కలుపుతాం. 1 మి.లీ. మీడియంలో 4 మైక్రోలీటర్ల స్టాకు కలిపితే 400 మైక్రోగ్రాములు, డీఎంఎస్‌ఓ 0.4 శాతం. దీన్ని సగం సగం పలుచన చేసేటప్పుడు ఉత్త మీడియం వాడొద్దు, 0.4 శాతం డీఎంఎస్‌ఓ కలిపిన మీడియమే వాడండి. అప్పుడు గుంటలో మి.లీ.కి 200, 100, 50, 25, 12.5, 6.25, 3.1 మైక్రోగ్రాములు, అన్నిటా డీఎంఎస్‌ఓ 0.2 శాతమే ఉంటుంది. ఉత్త మీడియంతో పలుచన చేస్తే మోతాదుతోపాటు డీఎంఎస్‌ఓ కూడా మారుతుంది, ఏది పనిచేసిందో చెప్పలేం. పోశాక సూక్ష్మదర్శినిలో చూడండి. పై మోతాదుల్లో సారం రవ్వలుగా విరిగి ఉంటే ఆ మోతాదు లెక్కలోకి రాదు.

తెలిసిన మందుగా సిస్‌ప్లాటిన్ (ప్లాటినం ఉన్న కేన్సర్ మందు) పెడితే దాన్ని డీఎంఎస్‌ఓలో కరిగించొద్దు. డీఎంఎస్‌ఓ ప్లాటినంకు అతుక్కుని మందు గుణాన్ని దెబ్బతీస్తుంది. 0.9 శాతం సెలైన్‌లో కరిగించండి. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో సిస్‌ప్లాటిన్ బలహీనంగా, మొక్క బలంగా కనిపించడానికి ఇదొక కారణం.

ఎం.టి.టి.

48 గంటల తర్వాత మీడియం మెల్లగా తీసి, పీబీఎస్‌తో ఒకసారి కడిగి, 100 మైక్రోలీటర్ల కొత్త మీడియం, 10 మైక్రోలీటర్ల ఎం.టి.టి. (పీబీఎస్‌లో మి.లీ.కి 5 మి.గ్రా.) వేయండి. వెలుతురు తగలనివ్వొద్దు, గ్లవ్స్ తప్పనిసరి. 3 నుంచి 4 గంటల్లో బతికున్న కణాల్లో ఊదా స్ఫటికాలు ఏర్పడతాయి. ద్రవం తీసి 100 మైక్రోలీటర్ల డీఎంఎస్‌ఓలో కరిగించి, 570 నానోమీటర్ల దగ్గర చదవండి. అందులోంచి 630 దగ్గరి రీడింగును తీసివేయండి.

కడగడం ఎందుకంటే, మొక్క సారాల్లోని పాలీఫినాల్స్ కణాలు లేకపోయినా ఎం.టి.టి.ని తామే ఊదారంగుకు మార్చేస్తాయి. చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. కింది రెండు వరుసలు పెట్టింది అందుకే, వాటినీ అచ్చం అలాగే కడగాలి. కడిగినా గుంటకు అంటుకున్నది కొంత మిగులుతుంది.

ఒక ఉదాహరణ. డీఎంఎస్‌ఓ కంట్రోలు 0.95, కణాలు లేని ఉత్త మీడియం 0.06. 50 మైక్రోగ్రాముల దగ్గర కణాలున్న గుంట 0.52, కణాలు లేని గుంట 0.14. సరిగా లెక్కేస్తే (0.52 − 0.14) ÷ (0.95 − 0.06), అంటే 43 శాతం బతికాయి. 0.14 బదులు 0.06 తీసేస్తే 52 శాతం. ఒకే ప్లేటు, ఐసీ50 మాత్రం 50కి అటొకటి ఇటొకటి.

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. పాలీఫినాల్స్ మీడియంలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి, కణాలను చంపేది అది. ఆ పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే ఎంజైము కెటలేజ్ కలిపిన గుంటలు కొన్ని పెట్టి చూడండి. చంపే గుణం మాయమైతే అది మీడియంలో జరిగిన రసాయనమే, మందు కాదు. సపోనిన్లున్న మొక్కలైతే కణాల పొరనే పగలగొడతాయి, ఎర్ర రక్తకణాల మీద వేసి చూస్తే తెలిసిపోతుంది.

మైటోకాండ్రియాను అడ్డుకునే పదార్థాలతో ఇంకో చిక్కు. సీతాఫలం గింజల్లోని ఎసిటోజెనిన్లు మైటోకాండ్రియాలోని మొదటి కాంప్లెక్సును ఆపుతాయి. ఎం.టి.టి. కొలిచేది ఎక్కువగా కణంలోని ఆ శక్తి వ్యవహారాన్నే కాబట్టి కణం చావకముందే రంగు పడిపోతుంది. ఇలాంటివాటికి ప్రొటీన్‌ను కొలిచే సల్ఫోరోడమిన్-బి పరీక్ష నమ్మకమైనది. (ఆ గింజల పొడి కంట్లో పడితే కార్నియా దెబ్బతింటుంది, కళ్లద్దాలు లేకుండా దంచొద్దు.)

అంకె వచ్చాక

ఒకే ప్లేటులోని నాలుగు గుంటలు నాలుగు ప్రయోగాలు కావు. వేర్వేరు రోజుల్లో, కొత్తగా చేసిన పలుచనలతో మూడుసార్లు చేయాలి. 200 దగ్గర కూడా సగం కణాలు బతికుంటే "200 కంటే ఎక్కువ" అని రాయండి, గీతను సాగదీసి 312 అని రాయొద్దు. ముడి సారానికి 20 నుంచి 30 మైక్రోగ్రాముల లోపు వస్తేనే ముందుకు తీసుకెళ్లదగ్గదని సాధారణంగా లెక్క. 150 వచ్చిన సారం ఏ ఆకుతోనైనా వస్తుంది.

మామూలు కణాలతోనూ పోల్చాలి. అందరూ వాడే హెక్293 మామూలు కణమేమీ కాదు, ఎడినోవైరస్ జన్యువులతో మార్చినది. మనిషి చర్మపు ఫైబ్రోబ్లాస్టులు దొరికితే అవి మేలు. రెంటికీ ఐసీ50 దాదాపు ఒకటే అయితే మీ చేతిలో ఉన్నది విషం.

ఇప్పుడు ఆండ్రోగ్రాఫోలైడ్ స్టాండర్డు. 17.5 మి.గ్రా. 1 మి.లీ. డీఎంఎస్‌ఓలో కరిగిస్తే 50 మిల్లీమోలార్. పై పద్ధతిలోనే 4 మైక్రోలీటర్లు వేస్తే గుంటలో 100 మైక్రోమోలార్‌తో మొదలవుతుంది. సారంలో ఇది ఎంత ఉందో హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) 225 నానోమీటర్ల దగ్గర కొలవండి. సారం ఐసీ50 40 మైక్రోగ్రాములు, అందులో ఆండ్రోగ్రాఫోలైడ్ 15 శాతం అనుకుందాం. అప్పుడు గుంటలో పడింది మి.లీ.కి 6 మైక్రోగ్రాములు, అంటే సుమారు 17 మైక్రోమోలార్. శుద్ధ పదార్థం ఐసీ50 కూడా 17 దగ్గరే వస్తే సారంలో కొత్తగా వెతకాల్సింది లేదు. 50 వస్తే ఇంకేదో తోడవుతోందని అర్థం. అప్పుడు సిలికా కాలమ్ మీద భాగాలుగా విడగొట్టి, ప్రతి భాగాన్నీ మళ్లీ ప్లేటు మీద వేయాలి.

కొత్తగా వెతకాల్సింది లేకపోతే దారి రసాయనం వైపు, అంటే ఆండ్రోగ్రాఫోలైడ్ అణువునే మార్చి చూడటం. ఈ అణువులోని లాక్టోన్ పక్కనున్న జంటబంధం ప్రొటీన్లలోని సిస్టీన్‌కు అతుక్కుంటుంది, ఎన్ఎఫ్-కప్పా-బి (కణంలో జన్యువులను పనిచేయించే ప్రొటీన్) మీద పనిచేయడానికి కారణం అదే. 3, 19 స్థానాల హైడ్రాక్సిల్స్‌ను 2,2-డైమెథాక్సీప్రొపేన్‌తో కప్పి, 14వ స్థానంలో ఎస్టర్లు కట్టడం ఎక్కువమంది చేసే పని. చర్య వేడెక్కినా, ఆమ్లం ఎక్కువైనా 14వ స్థానంలోని హైడ్రాక్సిల్ ఊడిపోయి డీహైడ్రో పదార్థం వస్తుంది. టీఎల్‌సీ (పలుచని పొర మీద పదార్థాలను విడదీసే పరీక్ష) మీద అసలు మచ్చ పక్కనే ఇంకో మచ్చ కనిపిస్తే దాన్ని విడదీసేదాకా ప్లేటు మీద వేయొద్దు. ఇలాంటి అతుక్కునే పదార్థాలు మీడియంలోని గ్లూటాథయోన్, సీరం ప్రొటీన్లకూ అంటుకుంటాయి కాబట్టి సీరం 5 శాతంలో ఒకసారి, 10 శాతంలో ఒకసారి చేసి, ఐసీ50 ఎంత మారిందో రిపోర్టులో రెండూ రాయండి.