లగ్జరీ క్రూయిజ్: ఎవరికి నప్పుతుంది, ఎలా ఎంచుకోవాలి

బ్రోచర్ చూస్తే ప్రతి ఓడా లగ్జరీయే. అసలు సంగతి తేల్చుకోవడానికి ఒక చిన్న భాగహారం చాలు. ఓడ గ్రాస్ టన్నేజీని ప్రయాణికుల సంఖ్యతో భాగించండి. ఈ టన్నేజీ ఓడ బరువు కాదు, లోపలి జాగాకి కొలత. ముంబై నుంచి తిరుగుతూ విశాఖకీ వచ్చి వెళ్ళిన కార్డీలియా ఎంప్రెస్ 1990 నాటి ఓడ. దాదాపు 48,500 టన్నులు, గదికి ఇద్దరి లెక్కన 1,600 మంది. అంటే తలకి 30. సింగపూర్ నుంచి నడిచే జెంటింగ్ డ్రీమ్‌లో ఆ అంకె 45 దాకా ఉంటుంది. రీజెంట్ కంపెనీ వారి సెవెన్ సీస్ ఎక్స్‌ప్లోరర్‌లో 55,000 టన్నులకి 750 మందే కాబట్టి 70 దాటుతుంది. 30 దగ్గర ఉంటే బఫేలో క్యూ, లిఫ్టు దగ్గర క్యూ, స్విమ్మింగ్ పూల్ పక్కన కుర్చీ కోసం పొద్దున్నే తువ్వాలు పరిచి రావడం. 60 దాటితే ఈ బాధలేవీ ఉండవు. మనం డబ్బు పోసి కొనుక్కునేది ఆ ఖాళీనే.

ఆ ఖాళీ దొరికే దారులు రెండు. ఒకటి, ఐదారొందల నుంచి వెయ్యి మంది పట్టే చిన్న ఓడ. రీజెంట్, సిల్వర్‌సీ, సీబోర్న్ ఈ కోవలోవి. టికెట్‌లోనే మందు, టిప్పులు, వైఫై కలిసి ఉంటాయి. రెండోది, పెద్ద ఓడలోనే వేరుగా కట్టిన సూట్ల విభాగం. జెంటింగ్ డ్రీమ్‌లో ద ప్యాలెస్, ఎంఎస్‌సీ ఓడల్లో యాట్ క్లబ్, నార్వీజియన్‌లో ద హేవెన్ అలాంటివే. అక్కడి వాళ్ళకి రెస్టారెంట్ వేరు, పూల్ వేరు, బట్లర్ ఉంటాడు, ఓడ ఎక్కే వరస కూడా వేరే.

మందు ముట్టని, శాకాహారం తినే ఇంటికి మొదటి దారి దండగ. తాగని షాంపేన్‌కి కూడా టికెట్‌లో డబ్బు కట్టినట్టే. పైగా చిన్న ఓడల్లో పిల్లలకి పెద్దగా కాలక్షేపం ఉండదు. అమ్మమ్మా తాతయ్యలు, కొడుకూ కోడలు, పిల్లలు కలిసి వెళ్తుంటే పెద్ద ఓడలో సూటే సరైనది. రిటైరయ్యి, గొడవ లేకుండా పుస్తకమో కబుర్లో అనుకునే దంపతులకి చిన్న ఓడ బాగుంటుంది.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి క్రూయిజ్‌ని మించిన విదేశీ ప్రయాణం అరుదు. పెట్టె ఒక్కసారే సర్దాలి, ఒక్కసారే విప్పాలి. లిఫ్టు అన్ని అంతస్తులకీ వెళ్తుంది. అలసిపోతే గది పది నిమిషాల దూరంలోనే. మూడు తరాల వాళ్ళూ ఎవరి నడకన వాళ్ళు పగలంతా గడిపి రాత్రి భోజనానికి ఒక బల్ల దగ్గర కలుసుకోవచ్చు. అదే, ఊళ్ళు చూడాలనీ సందుల్లో తిరిగి తినాలనీ ఉన్నవాళ్ళకి ఇది చిరాకే తెప్పిస్తుంది. రేవులో ఓడ ఆగేది చాలావరకు ఎనిమిది గంటలు, దిగడానికీ ఎక్కడానికీ పోయేది పోగా చేతికి ఐదారు గంటలు మిగులుతాయి. ఆఫీసు కాల్స్ వదలని వాళ్ళు కూడా ఆగడం మంచిది. ఓడల్లో వైఫై మెరుగైంది కానీ మీటింగ్ మధ్యలో తెగదని ఎవరూ హామీ ఇవ్వరు. గర్భిణులని ప్రయాణం ముగిసేలోపు 24వ వారం వచ్చేస్తే చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. ఆరు నెలలు నిండని పసివాళ్ళకీ అంతే.

గది ఎంపిక

ధర కన్నా ముందు డెక్ ప్లాన్, అంటే ఏ అంతస్తులో ఏముందో చూపే పటం తెరవండి. ఓడ ఊగేటప్పుడు ముందు, వెనక చివరలూ పై అంతస్తులూ ఎక్కువ కదులుతాయి. నడిమధ్యన, కింది అంతస్తుల్లో కదలిక తక్కువ. వాంతుల భయం ఉన్నవాళ్ళు సూట్ ఆశతో పైకి వెళ్ళి ముందు కొసన పడుకుంటే ఆ డబ్బుతో కొనుక్కున్నది తలతిప్పుడే.

తర్వాత మీ గదికి పైనా కిందా ఏముందో చూడండి. పైన పూల్ డెక్ ఉంటే తెల్లవారకముందే కుర్చీలు ఈడ్చే చప్పుడు వినిపిస్తుంది. కింద థియేటరో డిస్కోనో ఉంటే అర్ధరాత్రి దాకా దరువు మంచానికే తగులుతుంది. పైనా కిందా గదులే ఉన్న అంతస్తు అన్నిటికన్నా మేలు. చౌకగా వచ్చే ‘గ్యారంటీ’ గదిలో నంబరు కంపెనీయే వేస్తుంది కాబట్టి పెద్దవాళ్ళతో వెళ్తే అది వద్దు. ‘అబ్‌స్ట్రక్టెడ్ వ్యూ’ అని రాసి ఉంటే కిటికీ ముందు లైఫ్‌బోటు వేలాడుతుందన్నమాట. ముగ్గురు, నలుగురు ఒకే గదిలో ఉంటే మూడో మంచం సీలింగ్ నుంచి దిగేది కావచ్చు, నిచ్చెన ఎక్కాలి. అది తాతయ్యకి ఇచ్చే మంచం కాదు. రెండు గదుల మధ్య తలుపు ఉండే కనెక్టింగ్ రూములు అడగండి. అవి తక్కువే ఉంటాయి, ముందుగా అయిపోతాయి.

ఖర్చు

చూపించే ధర గదికి ఇద్దరున్నప్పుడు ఒక్కొక్కరికి. ఒంటరిగా వెళ్తే చాలాచోట్ల దాదాపు రెట్టింపు కట్టాలి. దాని మీద రేవు పన్నులు, పెద్ద ఓడల్లో మనిషికి రోజుకి సుమారు 15 నుంచి 20 డాలర్ల టిప్పులు, వైఫై, కూల్‌డ్రింకులు, ఊళ్ళో టూర్లు. టిప్పులు చాలా కంపెనీలు పిల్లలకీ వేస్తాయి. ఇండియాలో విదేశీ ప్యాకేజీగా కొంటే టీసీఎస్ అనే ముందస్తు పన్ను కూడా పట్టుకుంటారు, అది తర్వాత ఐటీ రిటర్నులో సర్దుబాటవుతుంది. ఓడ మీద చేసే ఖర్చులు రాసుకునే ఖాతాకి క్రెడిట్ కార్డే ఇవ్వండి. డెబిట్ కార్డు ఇస్తే ముందస్తుగా పట్టి ఉంచిన సొమ్ము బ్యాంకులో విడుదలయ్యేసరికి రోజులు పడుతుంది. వైద్య ఖర్చు కలిసిన ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి అనుకోండి. ఓడ డాక్టరు ఫీజు ఉచితం కాదు, నడిసముద్రం నుంచి హెలికాప్టర్‌లో తరలించాల్సి వస్తే ఆ బిల్లు టికెట్ ధరని మింగేస్తుంది.

వీసాలు

ఎక్కువమంది చిక్కుకునేది ఇక్కడే. సింగపూర్‌లో ఓడ ఎక్కితే దేశం విడిచినట్టు, దిగితే మళ్ళీ ప్రవేశించినట్టు. కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి. సింగపూర్ అరైవల్ కార్డు కూడా విమానం దిగేముందు ఒకసారి, ఓడ తిరిగి వచ్చేముందు ఒకసారి, ఒక్కోసారీ మూడు రోజులలోపు నింపాలి. సింగపూర్‌లో రేవులు రెండని గుర్తుంచుకోండి. జెంటింగ్ డ్రీమ్ హార్బర్‌ఫ్రంట్‌లోని సింగపూర్ క్రూయిజ్ సెంటర్ నుంచి, రాయల్ కరీబియన్ ఓడలు మరీనా బే క్రూయిజ్ సెంటర్ నుంచి బయల్దేరతాయి. టాక్సీ ఎక్కేముందు టికెట్ మీద పేరు చూసుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి మరో రెండు ఉచ్చులున్నాయి. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్ళే విదేశీ జెండా ఓడలు (వేరే దేశంలో నమోదైనవి) 1886 నాటి ప్యాసింజర్ వెసెల్ సర్వీసెస్ చట్టం వల్ల మధ్యలో విదేశీ రేవొకటి తాకాలి. అది సాధారణంగా కెనడాలోని విక్టోరియా అవుతుంది. భారత పాస్‌పోర్టుతో, గ్రీన్ కార్డు లేకుండా వెళ్ళే వాళ్ళకి కెనడా వీసా కావాలి, దిగి ఊళ్ళోకి వెళ్ళే ఉద్దేశం లేకపోయినా సరే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్దామనుకునే వాళ్ళు దీన్ని నెలల ముందే చూసుకోవాలి. రెండోది పాస్‌పోర్టులో హెచ్1బీ ఉద్యోగ వీసా స్టాంపు గడువు తీరిన వాళ్ళది. పాత స్టాంపుతో తిరిగొచ్చే ఆటోమేటిక్ రీవాలిడేషన్ వాళ్ళకి కెనడా, మెక్సికోల వరకే. పక్క దీవులకీ ఆ వెసులుబాటు ఉన్నది ఎఫ్ (చదువు), జే (ఎక్స్‌ఛేంజ్) వీసాలకి. మయామీ నుంచి బహమాస్ వెళ్ళిన హెచ్1బీ మనిషి తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటాడు.

ఎక్కే రోజు, ఓడ మీద

రేవున్న ఊరికి ముందు రోజే చేరండి. విమానం ఆలస్యమైతే ఓడ ఆగదు. పెద్ద పెట్టెలకి ట్యాగ్ కట్టి కిందే ఇచ్చేయాలి, అవి గదికి వచ్చేసరికి సాయంత్రం కావచ్చు. అందుకే పాస్‌పోర్టులు, బీపీ, షుగర్ మాత్రలు, ఒక జత బట్టలు చేతి సంచీలోనే ఉండాలి. ఇస్త్రీపెట్టె, ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్ స్కానింగ్‌లోనే తీసి పక్కన పెడతారు, అగ్నిప్రమాద భయం. సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా అంతే. ఇంట్లో కలిపిన ఆవకాయ జాడీ చాలా కంపెనీలు ఒప్పుకోవు, సీలు తీయని కంపెనీ ప్యాకెట్లే నయం. జైన, శాకాహార భోజనం కావాలంటే బుకింగ్ అప్పుడే చెప్పి, నెల ముందు మళ్ళీ గుర్తుచేయండి. చిన్న ఓడలు సరుకు కొలత ప్రకారం ఎక్కిస్తాయి, ఆ పూట అడిగితే పప్పు పుట్టదు.

ఎక్కగానే మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో నేర్పే అభ్యాసం ఉంటుంది, ఎగ్గొట్టకూడదు. 2012లో కోస్టా కాంకోర్డియా ఇటలీ తీరంలో ఒరిగిపోయినప్పుడు కొత్తగా ఎక్కిన కొన్ని వందల మందికి ఆ డ్రిల్ ఇంకా జరగలేదు. ఆ తర్వాతే ఓడ బయల్దేరే ముందో, బయల్దేరిన వెంటనేనో జరపాలన్న నియమం వచ్చింది. మీ స్టేషన్ ఎక్కడో, గది నుంచి మెట్ల దారి ఎటో ఒకసారి నడిచి చూసుకోండి.

ఓడ కదలకముందే ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రమే ఆన్ చేయండి. లేకపోతే ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్‌కి అదే అతుక్కుని, మామూలు రోమింగ్ ప్యాక్ పనిచేయక, బిల్లు వేలల్లోకి పోతుంది. వాంతుల మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, గంట ముందే వేసుకోవాలి. పెద్దవాళ్ళు డాక్టరుని అడిగి వేసుకుంటే మంచిది, మత్తు వస్తుంది. బఫే ముందు శానిటైజర్ రాసుకుని సరిపెట్టుకోకండి. ఓడల్లో కడుపు పట్టించే నోరోవైరస్‌కి సబ్బూ నీళ్ళే మందు. రేవులో దిగినప్పుడు ఓడ గడియారం, ఊరి గడియారం వేరుగా ఉండొచ్చు, పాటించాల్సింది ఓడదే.

చివరి రాత్రి పడుకునేముందు ఖాతా బిల్లు తెప్పించుకుని వరసగా చదవండి. తాగని బాటిలో, రద్దు చేసుకున్న టూరో కనిపిస్తే అప్పుడే రిసెప్షన్‌కి వెళ్ళాలి, తెల్లారితే అక్కడ ఓడంత క్యూ. పెట్టెలు ఆ రాత్రే గది బయట పెట్టమంటారు. రేపు దిగేటప్పుడు వేసుకునే బట్టలూ చెప్పులూ వాటిలో సర్దేయకుండా చూసుకోండి.