ఊరి పోస్టాఫీసు తలుపు మూతబడితే: ముందు తేల్చుకోవాల్సింది, తర్వాత రాయాల్సింది

పోస్టాఫీసు గదికి వారం రోజులు తాళం కనిపిస్తే చాలు, "ఎత్తేశారంట" అనే మాట టీకొట్టు దగ్గర పుట్టి పొద్దుగూకేసరికి ఊరంతా తిరిగొస్తుంది. మర్నాడు జనం పాస్‌బుక్కులు సంచిలో వేసుకుని ఖాతాలు మూయించుకోవడానికి బస్సెక్కుతారు. ఊరి పోస్టాఫీసును నిజంగా దెబ్బతీసేది ఈ పరుగే. ఖాతాలు తగ్గితే ఆఫీసు ఆదాయం తగ్గుతుంది. ఆదాయం తగ్గిన ఆఫీసును పక్కదానిలో కలపడం తేలిక. కాబట్టి ఖాతాల జోలికి పోకముందే అసలు జరిగిందేమిటో తేల్చుకోండి.

తాళం పడటానికి నాలుగు కారణాలు ఉండొచ్చు. బ్రాంచి పోస్టుమాస్టరు పోస్టు ఖాళీ అయి ఉండొచ్చు, గది మారి ఉండొచ్చు, పక్క ఊరి ఆఫీసులో కలిపి ఉండొచ్చు, పూర్తిగా మూసేసి ఉండొచ్చు. బయటనుంచి చూస్తే నాలుగూ ఒకటే, గదికి తాళం. వీటిలో ముందు అనుమానించాల్సింది ఖాళీనే. బ్రాంచి పోస్టుమాస్టరు 65 ఏళ్లకు దిగిపోతారు. కొత్తవారిని పదో తరగతి మార్కులను బట్టి ఆన్‌లైన్లో ఎంపిక చేస్తారు. ఎంపికైనవారు వేరే జిల్లావారు కావచ్చు. వాళ్లు ఈ ఊరికొచ్చి కాపురముండాలి, ఆఫీసుకు గది కూడా వాళ్లే చూసుకోవాలి. గది దొరక్కో, జీతం చాలకో కొందరు చేరరు, చేరినా కొందరు నిలవరు. ఈలోగా పక్క ఊరి పోస్టుమాస్టరో, టపా పంచే అసిస్టెంటో రెండు ఊళ్ల పని చూస్తారు. వాళ్లు ఇక్కడుండేది రోజుకు గంటో రెండు గంటలో, మిగతా వేళ గదికి తాళమే. ఊరివాళ్లు గట్టిగా అడగాల్సింది ఈ దశలోనే. కలిపేస్తూ ఉత్తర్వు వచ్చాక దాన్ని వెనక్కి తిప్పించడం చాలా కష్టం.

ఎక్కడ అడగాలి

మీ బ్రాంచి ఆఫీసు ఏదో ఒక సబ్ పోస్టాఫీసు కింద ఉంటుంది. రోజూ టపా సంచి వచ్చేది అక్కడినుంచే, లెక్కలు వెళ్లేది అక్కడికే. ముందు అక్కడి సబ్ పోస్టుమాస్టరును కలవండి. పోస్టు ఖాళీగా ఉందా, ఎప్పటినుంచి? ప్రస్తుతం మా ఊరి పని ఎవరు చూస్తున్నారు, ఏ వేళల్లో? కలిపే ప్రతిపాదన ఏమైనా పంపారా? ఈ మూడూ అడగండి. సబ్ పోస్టుమాస్టరు చెప్పలేకపోతే ఆ సబ్ డివిజన్ చూసే పోస్టల్ ఇన్‌స్పెక్టరు చెప్పగలరు. ఖాళీల జాబితా వారి దగ్గర ఉంటుంది.

ఆపైన డివిజన్ ఆఫీసు. ఇక్కడ చాలామంది దారి తప్పుతారు, ఎందుకంటే తపాలా డివిజన్లు రెవెన్యూ జిల్లా గీతల వెంట నడవవు. మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతానికి నెల్లూరు, గూడూరు, మార్కాపురం, ప్రకాశం (కేంద్రం ఒంగోలు) డివిజన్లు ఉన్నాయి. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి వెళ్లి కొన్నేళ్లు అక్కడే ఉంది, పిన్ కోడ్ మాత్రం అప్పుడూ 523105గానే ఉండిపోయింది. అందుకని "మాది ఫలానా జిల్లా" అనుకుని కవరు రాసేయకుండా, మీ సబ్ పోస్టాఫీసు ఏ డివిజన్‌లో ఉందో అక్కడే అడిగి రాయండి. తప్పు డివిజన్‌కు పంపితే కాగితం తిరిగి తిరిగి సరైన చోటికి చేరేసరికి వారాలు గడిచిపోతాయి.

నోటిమాటతో తేలకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తెల్లకాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. డివిజన్ సూపరింటెండెంట్ కార్యాలయంలోని ప్రజా సమాచార అధికారి పేరిట పంపాలి. రుసుము ₹10, పోస్టల్ ఆర్డరుగా జత చేయండి. ఆర్డరు మీద "అకౌంట్స్ ఆఫీసర్" అని రాసి, దాని నంబరు దరఖాస్తులో కూడా రాసుకోండి. ఆర్డరు మీద పేరు రాసే గడి ఖాళీగా వదిలేస్తే దరఖాస్తు తిప్పి పంపే వీలుంటుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు, తగిన ఆధారం నకలు పెడితే సరిపోతుంది. "ఎందుకు మూశారు?" అని రాయకండి. ఆ ప్రశ్నకు జవాబు దాటవేయడం సులువు. కాగితాలు అడగండి:

1. మా బ్రాంచి ఆఫీసును మూయడానికి లేదా కలపడానికి ఉత్తర్వు ఉంటే దాని నకలు.
2. బ్రాంచి పోస్టుమాస్టరు పోస్టు ఖాళీ అయిన తేదీ, దాన్ని నియామక ప్రకటనలో చేర్చిన వివరం.
3. గడిచిన 3 ఆర్థిక సంవత్సరాల్లో ఆఫీసు ఆదాయం, ఖర్చు, ఏడాదివారీగా.
4. నడుస్తున్న పొదుపు, ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్), సుకన్య (ఆడపిల్లల పేరిట పొదుపు) ఖాతాల సంఖ్య, గ్రామీణ తపాలా బీమా పాలసీల సంఖ్య.
5. మా ఊరి టపా ఇకమీదట ఏ ఆఫీసు నుంచి వస్తుంది, రోడ్డు వెంట దాని దూరమెంత.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, సరిగా లేకపోయినా ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు చేసుకోవచ్చు. వినతిపత్రానికి కావాల్సిన అంకెలు ఈ జవాబులోనే దొరుకుతాయి.

ఈలోగా ఇంట్లోని పుస్తకాలు

తాళం పడిన మొదటి వారంలోనే ప్రతి ఇంట్లో పాస్‌బుక్కు తీసి చివరి పేజీ చూసుకోవాలి. డబ్బు కట్టిన ప్రతిసారికీ ఒక వరుస ఉంటుంది: తేదీ, కట్టిన మొత్తం, నిల్వ, పక్కన పొట్టి సంతకం, దాని మీద ఆఫీసు తేదీ ముద్ర. ముద్ర లేని వరుసగానీ, సంతకం లేని వరుసగానీ, అంకె కొట్టేసి దిద్దిన వరుసగానీ ఉంటే పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. ఆ పుస్తకం సబ్ పోస్టాఫీసుకు తీసుకెళ్లి, "కంప్యూటర్లో నిల్వ ఎంతుంది?" అని అడిగి పుస్తకంలోని నిల్వతో కలిపి చూసుకోండి. తేడా వస్తే అక్కడికక్కడే రాతపూర్వకంగా ఇచ్చి, రెండో నకలు మీద ముద్ర వేయించుకోండి. ఆఫీసు చేతులు మారే సమయంలో బయటపడిన తేడా ఆ రోజే కాగితం మీదికి ఎక్కితే తేలుతుంది. ఏడాది తర్వాత అడిగితే ఎవరి హయాంలో జరిగిందో తేల్చలేక నలుగుతుంది. పుస్తకం ఎవరికైనా ఇచ్చేస్తే రశీదు తీసుకోండి, రశీదు లేకుండా మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఎక్కువ నష్టం ఆర్‌డీ కట్టేవాళ్లకు. నెలకు ₹100 నుంచి కట్టుకునే 60 నెలల పథకం ఇది, పొదుపు సంఘాల ఆడవాళ్లు, కూలి పనికి పోయేవాళ్లు ఎక్కువగా దీన్నే నమ్ముకుంటారు. వాయిదా తప్పితే ₹100కు నెలకు ₹1 అపరాధ రుసుము, అది పెద్ద భారం కాదు. అసలు ముప్పు నాలుగు వాయిదాలు తప్పినప్పుడు. అప్పుడు ఖాతా ఆగిపోతుంది. ఆ నాలుగో తప్పిన వాయిదా నుంచి రెండు నెలల్లో తిరిగి బతికించుకోకపోతే ఇక అందులో కట్టే వీలుండదు. అంటే "కొత్త పోస్టుమాస్టరు వస్తారులే" అని ఐదారు నెలలు ఎదురు చూస్తే పథకమే చేజారిపోతుంది. చేతిలో డబ్బుంటే 6 వాయిదాలు ఒకేసారి ముందుగా కట్టేయండి. ₹100 ఆర్‌డీకి ₹10 తగ్గింపు వస్తుంది, 12 వాయిదాలకైతే ₹40. ఒక్క ప్రయాణంతో ఆర్నెల్లు ధీమాగా ఉండొచ్చు.

గ్రామీణ తపాలా బీమా ఉన్నవాళ్లు పాలసీ వయసు చూసుకోవాలి. మూడేళ్లు నిండని పాలసీ 6 నెలల ప్రీమియం కట్టకపోతే రద్దవుతుంది, మూడేళ్లు దాటినదైతే 12 నెలలు. ఈ ప్రీమియం దేశంలో ఏ పోస్టాఫీసులోనైనా కట్టవచ్చు. సుకన్య ఖాతాలో ఏడాదికి కనీసం ₹250 మార్చి 31 లోపు పడాలి, లేకుంటే ఆ ఏడాదికి ₹50 అదనం. మామూలు పొదుపు ఖాతాలో వరుసగా 3 ఆర్థిక సంవత్సరాలు లావాదేవీ లేకపోతే అది స్తంభించిపోతుంది. పాస్‌బుక్కు, ఆధార్ లాంటి కాగితాలు తీసుకెళ్తే మళ్లీ తెరుస్తారు.

శాఖ తానుగా ఆఫీసును వేరేదానిలో కలిపితే ఖాతాలన్నీ అటు వెళ్తాయి, దానికి మీరు విడిగా దరఖాస్తు పెట్టనక్కర్లేదు. మీకు వీలైన ఇంకో ఆఫీసుకు మీరే మార్చుకోవాలంటే మాత్రం ఎస్‌బి-10(బి) ఫారం నింపి, ₹100, దానిమీద జీఎస్టీ కట్టాలి. ఖాతా నంబరు మారదు.

ఉపాధి హామీ కూలీ పోస్టాఫీసు ఖాతాలో పడేవాళ్లు కంగారుపడి బ్యాంకులో కొత్త ఖాతా తెరిచి ఆధార్ లింకు చేయిస్తుంటారు. ఆధార్ మీద వచ్చే డబ్బు చివరగా లింకైన ఖాతాలోకే పోతుంది. రెండు చోట్లా వెతుక్కునే అవస్థ రాకుండా ఉండాలంటే, పాత ఖాతా నడుస్తున్నంత కాలం ఆ లింకును కదిలించకండి.

ఉత్తరాలు, కార్డులు

ఏటీఎం కార్డు, పాన్ కార్డు, పాస్‌పోర్టు ఎక్కువగా స్పీడ్ పోస్టులో వస్తాయి. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత రిజిస్టర్డ్ పోస్టు కూడా స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. పంచేవారు రెండు మూడు ఊళ్లు తిరుగుతున్నప్పుడు మీ ఇంటి తలుపు తట్టేది ఒక్కసారే కావొచ్చు. మనిషి లేకపోతే కవరును ఆఫీసులో 7 రోజులుంచి పంపినవారికి తిప్పేస్తారు. పాస్‌పోర్టైతే దరఖాస్తుదారుకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. బెంగళూరులోనో హైదరాబాదులోనో పనికి ఉండే పిల్లల పేరిట ఊరి చిరునామాకు కార్డులు వచ్చే ఇళ్లు కనిగిరి, ఉదయగిరి వైపు ఎన్నో. అలాంటివాళ్లు ట్రాకింగ్ నంబరు దగ్గర పెట్టుకుని, కవరు సబ్ పోస్టాఫీసు చేరిన రోజే ఇంట్లోవాళ్లకు ఫోను చేసి చెప్పాలి.

పిన్ కోడ్ సంగతీ చూసుకోండి. బ్రాంచి ఆఫీసుకు తన సబ్ పోస్టాఫీసు పిన్‌నే వాడతారు. అదే సబ్ ఆఫీసు కింది వేరే బ్రాంచిలో కలిపితే పిన్ మారదు. వేరే సబ్ ఆఫీసు పరిధిలోకి పోతే మారుతుంది. మారితే ముందు బ్యాంకులోనూ, ఆధార్‌లోనూ దిద్దించండి. కొత్తపల్లి, కొత్తపాలెం లాంటి పేర్లు మండలానికొకటి ఉన్న మన జిల్లాల్లో పాత పిన్‌తో వచ్చిన కవరు వేరే కొత్తపల్లికి పోయి తిరిగిపోతుంది.

వినతిపత్రం

"పేదలకు అన్యాయం జరుగుతోంది" అన్న వాక్యం నిజమే, కానీ దానితో ఫైలు కదలదు. శాఖ చూసేది కొలతలు. మామూలు పల్లెప్రాంతంలో కొత్త బ్రాంచి ఆఫీసు పెట్టాలంటే ఆ ఊళ్ల గుంపులో 3000 జనాభా, దగ్గరి పోస్టాఫీసుకు 3 కిలోమీటర్ల దూరం, ఖర్చులో కనీసం మూడోవంతు, అంటే 33.33 శాతం ఆదాయం ఉండాలి. కొండ, గిరిజన ప్రాంతాల్లో ఒక్క ఊరికైతే 500, గుంపుకైతే 1500 జనాభా, 15 శాతం ఆదాయం చాలు. ఇవి తెరవడానికి పెట్టిన కొలతలైనా, ఉన్న ఆఫీసును నిలబెట్టుకోవడానికీ ఇవే పనికొస్తాయి. దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు వైపు చెంచు గూడేలు ఉన్న పంచాయతీలు రెండో కొలతనే పట్టుకుని రాయాలి.

పత్రం ఒకటిన్నర పేజీ మించొద్దు. పోస్టాఫీసు కిందికి వచ్చే ఊళ్లు, పాలేలు, ఎస్సీ, ఎస్టీ కాలనీలు పేరుపేరునా జనాభాతో రాయండి. కలపబోయే ఆఫీసుకు దూరం రోడ్డు వెంట కొలిచి రాయండి, మ్యాపులో గీత గీసి కాదు. మధ్యలో మన్నేరో, పాలేరో, బొగ్గేరో అడ్డుంటే వానల్లో ఎన్ని రోజులు దారి తెగుతుందో చెప్పండి. పల్లెవెలుగు బస్సు రోజుకు ఎన్నిసార్లు వస్తుంది, ఏ వేళకు వస్తుంది అన్నదీ ముఖ్యమే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఛార్జీ బాధ తగ్గిందని ఎవరైనా అనొచ్చు. బస్సే లేని ఊరికి ఆ మాట వర్తించదని వేళలతో సహా చూపాలి. తర్వాత సమాచార హక్కులో వచ్చిన ఖాతాల అంకెలు.

అన్నిటికంటే బలమైన వాక్యం గది గురించి. ఆఫీసుకు చోటు దొరకక పోస్టు నిలవడం లేదంటే, పంచాయతీ తీర్మానంతో ఒక గది చూపించండి. నేలమట్టంలో, రోడ్డు వైపు తలుపుతో, పదడుగుల గది, కరెంటు, ఫోను సిగ్నల్ ఉంటే చాలు. ఇప్పుడు బ్రాంచిలో లావాదేవీలన్నీ చేతిలో పట్టుకునే పరికరం మీదే జరుగుతాయి. సిగ్నల్ అందని మూల గది ఉచితంగా ఇచ్చినా ఉపయోగం లేదు. తీర్మానం నకలు మీద పంచాయతీ కార్యదర్శి సంతకం, ముద్ర ఉండాలి.

సంతకాల పక్కన ఇంటి నంబరు, ఫోను నంబరు, ఖాతా ఉంటే "ఖాతాదారు" అన్న మాట రాయించండి. ఒకే చేతిరాతలో 200 పేర్లున్న జాబితా కంటే, ఖాతాదారులు తామే సంతకం చేసిన 60 పేర్లకు విలువ ఎక్కువ.

ఒక ప్రతి డివిజన్ సూపరింటెండెంట్‌కు, ఒకటి విజయవాడలోని చీఫ్ పోస్ట్‌మాస్టర్ జనరల్‌కు, ఒకటి మీ పార్లమెంటు సభ్యునికి పంపండి. తపాలా కేంద్ర శాఖ, కాబట్టి కలెక్టరుకో ఎమ్మెల్యేకో ఇచ్చిన అర్జీ చివరికి అక్కడికే పంపాల్సివస్తుంది. కేంద్రం నడిపే ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లోనూ పెట్టండి, జవాబుకు గడువు 21 రోజులు. "సంబంధిత కార్యాలయానికి పంపాము" అని ఫిర్యాదు మూసేస్తే ఊరుకోకండి, 30 రోజుల్లో అప్పీలు చేయవచ్చు. తపాలా ఫిర్యాదులు వినే డాక్ అదాలత్ ప్రకటన వచ్చినప్పుడు అందులోనూ వేయండి.

కలపడం ఖాయమైతే అడగాల్సినవి

ఆఫీసు పోయినా సేవ మొత్తం పోనక్కర్లేదు. టపా పంచే అసిస్టెంటు వారంలో ఫలానా రోజుల్లో, ఫలానా వేళకు గ్రామ సచివాలయం దగ్గర కూర్చునేలా ఏర్పాటు అడగండి. వారి దగ్గరున్న పరికరంతో తపాలా శాఖదే అయిన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు లావాదేవీలు, ఆధార్ వేలిముద్రతో డబ్బు తీయడం ఊళ్లోనే అవుతాయి. మంచం దిగలేని వృద్ధుల కోసం ఆ బ్యాంకు నంబరు 155299కు ఫోను చేసి ఇంటికే రమ్మనవచ్చు, దానికి కొద్దిపాటి రుసుము ఉంటుంది. నవంబరులో పింఛనుదార్ల లైఫ్ సర్టిఫికెట్ ఇంటి దగ్గరే ఇప్పించుకోవడానికి ₹70. ఆ బ్యాంకు ఖాతా ఉన్న పిల్లలు ఫోన్ యాప్‌లోంచి అమ్మానాన్నల ఆర్‌డీ, సుకన్య వాయిదాలు కట్టవచ్చు. లింకు ఒక్కసారి చేసి పెట్టాలి.

ఎర్ర డబ్బాను మాత్రం ఊళ్లోనే ఉంచమని అడగండి. గది ఖాళీ చేసేటప్పుడు గోడకున్న డబ్బాను కూడా పీకేస్తారు. దాన్ని సచివాలయం గోడకో, బడి గోడకో బిగించి, ఉత్తరాలు తీసే వేళ రాసిన పలక ఉంచమని వినతిలో ఒక వాక్యం చేర్చండి. పలక మీద వేళ లేని డబ్బాలో వేసిన ఉత్తరం ఎప్పుడు కదులుతుందో ఎవరినీ అడగలేం.