అలమీడా బీచ్‌లో బుడగ నత్తల్ని చూడాలంటే

వేసవి వస్తే కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి మన తెలుగువాళ్లు చాలామంది పిల్లల్ని తీసుకుని శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున అలమీడాలో ఉన్న క్రౌన్ బీచ్‌కి వెళ్తారు. అక్కడ అలలు పెద్దగా ఉండవు, నీళ్లు లోతు తక్కువ, కాస్త వెచ్చగా కూడా ఉంటాయి. నేనూ మా అమ్మాయిని అక్కడికే తీసుకెళ్తాను, కానీ ఈతకు కాదు. సెంటీమీటరు, సెంటీమీటరున్నర ఉండే బుడగ నత్తల్ని చూడటానికి. వీటిని చూసే పద్ధతి ఒకటుంది: నీళ్లలో దిగి చూడకూడదు, నీళ్లు వెనక్కి వెళ్లాక బురద మీద చూడాలి. ఎందుకో కింద చెప్తాను.

ముందు టైమ్ చూసుకోండి. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) వెబ్‌సైట్‌లో అలమీడా స్టేషన్ టైడ్ పట్టిక, అంటే నీళ్లు ఎప్పుడు ఎంత ఎత్తుకు వస్తాయో, ఎంత తగ్గుతాయో చెప్పే పట్టిక ఉంటుంది. అందులో మైనస్ అంకె ఉన్న రోజు, అంటే నీళ్లు మామూలు కంటే బాగా వెనక్కి తీసే రోజు దొరికితే వదలొద్దు. రోజుకు రెండుసార్లు పాటు (నీళ్లు వెనక్కి తీయడం) వచ్చినా రెండూ సమానంగా ఉండవు. వేసవిలో నీళ్లు బాగా తీసే పాటు ఎక్కువగా పొద్దున్నే వస్తుంది. ఆ టైమ్‌కి గంట ముందే చేరితే నీళ్లు తీస్తున్న కొద్దీ మీరూ ముందుకు నడవొచ్చు. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేసుకోండి. చెప్పులు బురదలో ఉండిపోతాయి, పైగా కాళ్లకు నీళ్లు తగులుతాయి.

అందరూ మొదట గుల్ల కోసం వెతుకుతారు. అలా వెతికితే దొరకదు. బతికున్న నత్తలో గుల్లను చాలావరకు ఒళ్లే కప్పేస్తుంది. రెండు పక్కల నుంచి మడతల్లాంటి కండ పైకి వచ్చి దాన్ని పట్టుకుని ఉంటుంది, దాని మీద జిగురు, బురద. కాబట్టి గుల్లను కాదు, దారిని వెతకండి. తడి బురద మీద వంకరటింకరగా సాగిన సన్నటి గీత కనిపిస్తే దాని చివరిదాకా కళ్లతో వెళ్లండి. అక్కడ చిన్న బురద ముద్ద ఉంటుంది. కాసేపు కదలకుండా చూస్తే ఆ ముద్ద కదులుతుంది! మా అమ్మాయి మొదటిసారి దాన్ని తనంతట తనే కనిపెట్టినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకే ఆటలోనూ కలగలేదు. పచ్చని నాచు పరుచుకున్న చోట కూడా చూడండి. నాచునీ, బురద పైపొరలో ఉండే డయాటమ్‌లనీ (కంటికి కనిపించనంత చిన్న నాచు రకం) తిని బతికే నత్త ఇది.

ఫోన్‌లో జూమ్ చేసి తల చూడండి. మామూలు నత్తలకు ఉండే కొమ్ములు దీనికి ఉండవు. బదులుగా చదునుగా డాలులాంటి తల, దాని మీద రెండు నల్లటి చుక్కలు. అవే కళ్లు. ఆ డాలుతోనే బురదను తోసుకుంటూ పోతుంది. గుల్ల చూడాలనుంటే ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఖాళీది వెతకండి. ఉల్లిపొరలా పలచగా, అవతలి వెలుగు కనిపించేలా ఉంటుంది, వేళ్ల మధ్య కాస్త నొక్కితే పగిలిపోతుంది. అందుకే బతికున్నదాన్ని పిల్లల్ని ముట్టుకోనివ్వను. దాని ఒళ్లు మొత్తం గుల్లలోకి పట్టదు కూడా, దాక్కోవడానికి దానికి వేరే చోటు లేదు.

పసుపు రంగు జిగురు ముద్దలు కనిపిస్తే అవి గుడ్లు కావచ్చు. ఒకే ముద్దలోంచి కొన్ని ఈదే లార్వాలుగా, మిగతావి నేరుగా పాకే పిల్ల నత్తలుగా బయటికి వస్తాయి. ఇలా రెండు దారులూ పట్టే జీవులు సముద్రంలో చాలా అరుదు.

దీని పేరు హలోవా జపోనికా. జపాన్, కొరియా వైపు నత్త. పెంపకానికి తెచ్చిన ఆయిస్టర్లతో (తినే ముత్యపు చిప్పల రకం) పాటు అమెరికా చేరి ఉంటుందని అంచనా. శాన్‌ఫ్రాన్సిస్కో బేలో 1999లో కనిపించింది. 2005 వేసవిలో క్రౌన్ బీచ్‌లో దిగినవాళ్లకు ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, విపరీతమైన దురద మొదలయ్యాయి. వెతికితే కారణం ఈ నత్తలోనే దొరికింది. పక్షుల రెట్టతో నీళ్లలోకి వచ్చే ఒక పరాన్నజీవి నత్తలో పెరిగి, మళ్లీ పక్షిని వెతుక్కుంటూ బయటికి వస్తుంది. మన చర్మం తగిలితే అందులోకే దూరి చచ్చిపోతుంది. దానికి మన ఒళ్లు చేసే ఎదురుదాడే ఆ దురద. ఆసియాలో వరి మళ్లలో దిగేవాళ్లకు వచ్చే దురదల్లో ఒకటి కూడా ఇలాంటిదే.

బీచ్‌లో హెచ్చరిక బోర్డు ఉంటే దాన్ని నమ్మండి. లోతు లేని వెచ్చని నీళ్లలో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టొద్దు, బురద గుంటల్లో చేతులు పెట్టనివ్వొద్దు. నీళ్లు తగిలితే ఒంటి మీద ఆరనివ్వకుండా వెంటనే టవల్‌తో గట్టిగా తుడిచి, మంచినీళ్లతో కడగండి. దద్దుర్లు వస్తే టెన్షన్ పడొద్దు. ఒకరి నుంచి ఒకరికి అంటదు, సాధారణంగా వారం, రెండు వారాల్లో తగ్గుతుంది. చల్లటి గుడ్డ వేయండి, గోకనివ్వకండి. చీము పడితే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

బయటి నుంచి వచ్చిన నత్త కదా, చంపేద్దామా అని పిల్లలు అడుగుతారు. వద్దు. బకెట్‌లో వేసి ఇంకో చోటికి అసలే తీసుకెళ్లొద్దు, నత్తతో పాటు దురదనూ అక్కడికి మోసినట్టే. బీచ్ చివర ఉన్న క్రాబ్ కోవ్ రక్షిత ప్రాంతం, అక్కడి నుంచి నత్తల్ని తీయకూడదు. వెళ్లేముందు బూట్ల అడుగున పట్టిన బురదను అక్కడే బాగా కడిగి, పూర్తిగా ఎండాకే ఇంకో బీచ్‌కి వేసుకెళ్లండి.