గాయం తర్వాత వచ్చే షాక్: లోపల ఎలా అనిపిస్తుంది, పక్కనున్నవారు ఏం చేయాలి

రోజువారీ మాటల్లో షాక్ అంటే చెడ్డ వార్త విని మ్రాన్పడిపోవడం. వైద్యుల భాషలో దాని అర్థం పూర్తిగా వేరు. శరీరంలోని అవయవాలకు చాలినంత రక్తం, దానితోపాటు ప్రాణవాయువు అందని స్థితిని వారు షాక్ అంటారు. గాయపడినవారిలో దీనికి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం రక్తస్రావం. ఈ రెండు అర్థాలూ కలగలిసిపోవడం వల్ల ప్రమాద స్థలంలో చాలా అనర్థం జరుగుతుంది. పాలిపోయి వణుకుతున్న మనిషిని చూసి, పాపం భయపడ్డాడు, కాసేపట్లో తేరుకుంటాడు అనుకుని కూర్చోబెట్టి మంచినీళ్లు తాగిస్తారు. ఆ మనిషికి కావలసింది ఓదార్పు మాత్రమే కాదు, పడుకోబెట్టడం, రక్తం ఆపడం, వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చడం.

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో కొంత పోగానే శరీరం తనను తాను కాపాడుకునే పని మొదలుపెడుతుంది. ఆపద సమయంలో శరీరం విడుదల చేసే అడ్రినలిన్ అనే హార్మోన్ వల్ల గుండె వేగం పెరుగుతుంది, చర్మానికీ పేగులకూ వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఉన్న రక్తం గుండెకూ మెదడుకూ మళ్లుతుంది. ఈ సర్దుబాటు ఎంత సమర్థంగా సాగుతుందంటే, ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషి తన రక్తంలో దాదాపు 30 శాతం, అంటే లీటరున్నర వరకు కోల్పోయినా పడుకున్నప్పుడు చూసిన బీపీ మామూలుగానే ఉండవచ్చు. అందువల్ల బీపీ పడిపోయేవరకు ఆగి షాక్ అని నిర్ధారించుకుందామనుకోవడం సరికాదు. అది పడిపోయేసరికి శరీరం తన శక్తినంతా వాడేసి ఉంటుంది. అంతకుముందే కనిపించే ఆనవాళ్లను పట్టుకోవాలి, వాటిలో చాలావరకు గాయపడినవారి నోటి నుంచే వినిపిస్తాయి.

మొదట తెలిసేది నొప్పి కాకపోవచ్చు. పెద్ద గాయమైన తొలి నిమిషాల్లో కొందరికి నొప్పి ఆశ్చర్యం కలిగించేంత తక్కువగా ఉంటుంది. దానికి బదులు కారణం చెప్పలేని గాభరా మొదలవుతుంది. గుండె దడదడలాడుతుంది, ఒకచోట కుదురుగా ఉండబుద్ధి కాదు, "నాకేదో అయిపోతోంది" అనిపిస్తుంది. ఆ మాటను పిరికితనంగా కొట్టిపారేయకండి. మెదడుకు చాలినంత రక్తం అందకపోతే మొదట వచ్చే మార్పుల్లో ఈ అశాంతి ఒకటి. ఆ వెనుకే చలి వస్తుంది. వాతావరణం వేడిగా ఉన్నా వేళ్ల కొసల నుంచి చల్లదనం పైకి పాకుతున్నట్టు ఉంటుంది, అదే సమయంలో నుదుటి మీదా పైపెదవి మీదా చెమట పడుతుంది. చలీ చెమటా ఒకేసారి రావడం వింతగా అనిపించినా రెండింటికీ మూలం ఒకటే: అడ్రినలిన్ ప్రభావంతో రక్తం చర్మాన్ని వదిలి లోపలికి వెళ్లింది, చెమట గ్రంథులు మాత్రం పని చేస్తున్నాయి.

నోరు పిడచకట్టుకుపోతుంది. మామూలు దాహంలా కాక, నీళ్లు తప్ప వేరే ధ్యాస లేకుండా చేసే దాహం అది. కడుపులో తిప్పుతుంది, కొందరికి వాంతి అవుతుంది. లేచి కూర్చుంటే కళ్లు బైర్లు కమ్ముతాయి, చెవుల్లో హోరు వినిపిస్తుంది. ఊపిరి పొట్టిగా, వేగంగా ఆడుతున్నా గాలి చాలడం లేదనిపిస్తుంది.

స్థితి ఇంకా దిగజారితే ఈ కలత అంతా సద్దుమణుగుతుంది. ఇక్కడే పక్కనున్నవారు ఎక్కువగా మోసపోతారని నేను అనుకుంటాను. గాయపడిన మనిషికి మాటలు దూరం నుంచి వినిపిస్తున్నట్టు, కళ్లు మూతలు పడుతున్నట్టు ఉంటుంది, ఏం జరిగినా తనకు పట్టనంత నిర్లిప్తత ఆవరిస్తుంది. ఇప్పటిదాకా గాయాన్ని గట్టిగా పట్టుకున్న చెయ్యి పట్టు సడలుతుంది. "పర్వాలేదు, కాసేపు పడుకుంటాను" అంటారు. చూసేవారికి నెమ్మదించినట్టు కనిపించే ఆ క్షణం నిజానికి అత్యంత ప్రమాదకరమైనది.

బయటి నుంచి గుర్తించడానికి ఏ పరికరమూ అక్కరలేదు. మీ చేతి వెనుక భాగాన్ని వారి నుదుటిపై ఆనించండి, చల్లగా, జిగటగా తగులుతుంది. చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవారిలో పాలిపోవడం పైకి తెలియకపోవచ్చు కాబట్టి పెదవి లోపలి భాగం, కింది కనురెప్ప లోపలి పొర, అరచేయి చూడండి. తర్వాత వారి వేలి గోటిని గుండె ఎత్తులో ఉంచి 5 సెకన్లపాటు నొక్కి వదలండి. నొక్కినప్పుడు తెల్లబడిన గోరు 2 సెకన్లలోపే మళ్లీ గులాబీ రంగుకు రావాలి. అలా రాకుండా తెల్లగా నిలిచిపోతే రక్తం వేళ్ల దాకా సరిగా చేరడం లేదన్నమాట. అయితే బాగా చలిగా ఉన్నచోట ఆరోగ్యవంతులకూ ఇలా ఆలస్యం కావచ్చు కనుక దీన్ని మిగతా లక్షణాలతో కలిపి చూడాలి. మణికట్టు దగ్గర నాడి నిమిషానికి 100 దాటి, సన్నని దారంలా వేలికి అందీ అందకుండా ఉంటే అది మరో హెచ్చరిక. మాటను కూడా గమనించండి. ఇప్పుడే జవాబు చెప్పిన ప్రశ్ననే మళ్లీ అడుగుతున్నారంటే మెదడుకు రక్తం తగ్గుతోందని అనుమానించాలి.

కొందరిలో ఈ ఆనవాళ్లు దారి తప్పిస్తాయి. పిల్లలు చాలాసేపు తట్టుకుని, ఆపై ఒక్కసారిగా కూలిపోతారు. గుండె వేగాన్ని అదుపులో ఉంచే బీటా బ్లాకర్ మందులు వాడేవారికి గుండె వేగం పెరగకపోవచ్చు. గర్భిణులలో రక్తం ఎక్కువగా ఉండటం వల్ల లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి. వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చర్మం వెచ్చగా, పొడిగా, నాడి నెమ్మదిగా ఉండి కూడా షాక్ రావచ్చు. పైకి చుక్క రక్తం కనిపించకపోయినా ధైర్యపడకండి. ఒక్క తొడ ఎముక విరిగితేనే లీటరు, అంతకుమించి రక్తం లోపలే కారవచ్చు, కడుపులోనూ కటి భాగంలోనూ ఇంకా ఎక్కువ చేరుతుంది.

అనుమానం వచ్చిన వెంటనే మీ ప్రాంతపు అత్యవసర నంబరుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి పక్కన ఉంచండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డను గాయంపై ఉంచి, చేతులు నిటారుగా పెట్టి శరీరపు బరువంతా మోపి నొక్కండి, ఆగిందో లేదో చూద్దామని మాటిమాటికీ ఎత్తి చూడకండి. గుచ్చుకున్న వస్తువు ఉంటే లాగవద్దు, దాని చుట్టూ నొక్కాలి. చేతి నుంచో కాలి నుంచో ధారగా పోతున్న రక్తం నొక్కినా ఆగకపోతే, టోర్నికెట్‌ను, అంటే రక్తం ఆపడానికి చేతికో కాలికో చుట్టి బిగించే పట్టీని, గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్ల పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేవరకు బిగించి, కట్టిన సమయం రాసి ఉంచండి. అది చాలా నొప్పి పుడుతుంది. ఆ నొప్పిని చూసి వదులు చేయకూడదు.

మనిషిని వెల్లకిలా పడుకోబెట్టండి. వెన్నుకు, కటి భాగానికి, కాళ్లకు దెబ్బ లేదని నమ్మకం ఉంటేనే కాళ్లను 30 సెంటీమీటర్ల మేర ఎత్తి పెట్టవచ్చు. దానివల్ల కలిగే మేలు కొద్ది నిమిషాలే కాబట్టి సందేహం ఉంటే మానేయడమే మంచిది. ఛాతీకి దెబ్బ తగిలి పడుకుంటే ఊపిరాడనివారిని బలవంతంగా పడుకోబెట్టవద్దు. నెలలు నిండుతున్న గర్భిణిని, వెన్నుకు దెబ్బ లేకపోతే, ఎడమ పక్కకు ఒత్తిగిలేలా ఉంచాలి. స్పృహ తప్పి ఊపిరి ఆడుతుంటే పక్కకు తిప్పండి. ఊపిరి ఆగితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్ల చొప్పున నొక్కడం మొదలుపెట్టాలి.

వెచ్చదనాన్ని చాలామంది చిన్న విషయమనుకుంటారు, నేను మాత్రం రక్తం ఆపడం తర్వాతి స్థానం దానికే ఇస్తాను. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది, దాంతో ఆగవలసిన రక్తం ఆగదు. పైన దుప్పటి కప్పడంతో సరిపెట్టకుండా కింద కూడా ఏదైనా పరవండి, ఎందుకంటే చల్లని నేల ఒంటి వేడిని నిరంతరం లాగేస్తుంది. తడి బట్టలు తీసేయండి. వేడినీళ్ల సీసాలు నేరుగా చర్మానికి పెట్టకండి. దాహమని ఎంత బతిమాలినా తాగడానికి ఇవ్వకండి, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వవలసి రావచ్చు. తడిగుడ్డతో పెదవులు అద్దితే కొంత ఉపశమనం కలుగుతుంది. చేయి పట్టుకుని, పేరు పెట్టి పిలుస్తూ, మీరు చేస్తున్న ప్రతి పనినీ ముందుగా చెబుతూ ఉండండి.

గాయపడింది మీరే అయి, పక్కన ఎవరూ లేకపోతే, తల తిరగడం మొదలైన క్షణమే నేల మీద పడుకోండి, ఎందుకంటే నిలబడి పడిపోతే మరో గాయమవుతుంది. వీలుంటే తలుపు గడియ తీసి, ఫోన్‌లో మొదట మీరున్న చోటు చెప్పండి, తర్వాతే ఏం జరిగిందో చెప్పండి. మధ్యలో మాట ఆగిపోయినా వారు మిమ్మల్ని వెతుక్కుంటూ రాగలుగుతారు.

అంబులెన్సు వచ్చాక గాయం ఎప్పుడు, ఎలా అయిందో, వారు రక్తం పలచబరిచే మందులు వాడుతున్నారో లేదో, టోర్నికెట్ ఎప్పుడు కట్టారో చెప్పండి. మీరు చూసిన మార్పును కూడా వరుసగా చెప్పండి: మొదట స్పష్టంగా మాట్లాడారు, తర్వాత నీళ్లు అడిగారు, గత 10 నిమిషాలుగా పిలిస్తేనే కళ్లు తెరుస్తున్నారు. ఆ సంగతి మీకు తప్ప మరెవరికీ తెలియదు.